సరుకు ముట్టింది

మార్చి నెలలో సర్కారు ఆఫీసులకు పట్టే పిచ్చిని సుబ్బరత్నమ్మ ఇరవై ఏళ్లుగా దగ్గరుండి చూస్తోంది. ఆళ్లగడ్డకు కాస్త ఇవతల, హైవే పక్కన ఉన్న ముప్పై పడకల ఆసుపత్రిలో ఆమె సీనియర్ అసిస్టెంటు. దూది కొన్నా, ఫినాయిలు కొన్నా, జనరేటరుకు డీజిలు పోయించినా ఆ బిల్లు ఆమె చేతి మీదుగానే నంద్యాల ఖజానాకు పోవాలి. పదకొండు నెలలు ఆవులిస్తూ గడిపిన ఆఫీసులన్నీ మార్చి వచ్చేసరికి ఒళ్లు విరుచుకుని లేస్తాయి. ఖర్చుపెట్టని నిధులు నెలాఖరుకు మురిగిపోతాయి కదా, అదీ కంగారు. ఇంకా రాని సరుకును వచ్చినట్టు రాసేస్తారు. బిల్లు వెనక ఒక ముద్ర ఉంటుంది: "సరుకు ముట్టింది, స్టాకు రిజిస్టరులో ఎక్కించడమైనది." దాని కింద సంతకం పడితేనే డబ్బు కదులుతుంది. మార్చిలో కళ్లు మూసుకుని ఆ సంతకం పెట్టేవాడిని ఎవరూ తప్పుబట్టరు. పైగా పని తెలిసినవాడని మెచ్చుకుంటారు.

సుబ్బరత్నమ్మ మాత్రం పెట్టదు. పెట్టె విప్పి, వస్తువు బయటికి తీయించి, చేత్తో తట్టి చూస్తేగానీ ఆమె పెన్ను మూత ఊడదు. వెనకాల ఆమెను తట్టిచూసే మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఏమీ అనుకోదు.

ఈ మొండితనం ఆమెకు తండ్రి ఇచ్చిన ఆస్తి. నిజానికి ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే. వీరభద్రయ్యకు ఒకప్పుడు ఆళ్లగడ్డ బజారులో చెప్పుకోదగ్గ అంగడి ఉండేది. ఒక సర్కారు హాస్టలుకు ఏడాది పొడవునా బియ్యం, బ్యాళ్లు, నూనె పోశాడు. ఆ మార్చిలో ఎవడో గుమాస్తా, రాని దుప్పట్లు వచ్చాయని సంతకం పెట్టి పద్దులో ఉన్నదంతా ఊడ్చేశాడు. పిల్లలు తిని అరిగించుకున్న బియ్యం బిల్లు మాత్రం "నిధులు లేవు" అని తిరిగొచ్చింది. వీరభద్రయ్య రెండేళ్లు తిరిగాడు. మూడో ఏడు అంగడి తలుపులు మూసి, ఇంకొకరి అంగట్లో పొట్లాలు కట్టడానికి కుదిరాడు. అప్పుడు ఇంటర్ చదువుతున్న కూతురు పట్టుబట్టి పరీక్షలు రాసి సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. చూడని సరుకుకు సంతకం పెట్టనని ఆమె ఎవరి ముందూ ఒట్టు వేయలేదు. అవసరం లేకపోయింది, అంతే. భర్త ఆదినారాయణ ఎరువుల అంగట్లో లెక్కలు రాస్తాడు. నెమ్మదైన మనిషి. "నీతో కాపురం చేసేదానికి గూడా రసీదు కావల్ల" అని ఆమెను ఏడిపిస్తుంటాడు.

ఇంతలో వైద్యశాఖలో సంస్కరణ అన్నారు. అంతకుముందు ప్రతి ఆసుపత్రికీ బ్యాంకులో సొంత ఖాతా ఉండేది, కొంచెమో గొప్పో అందులో డబ్బు ఉండేది. ఆ ఖాతాలన్నీ మూసేసి, డబ్బంతా పైన ఒకే చోట పోశారు. ఆసుపత్రికి మిగిలింది కంప్యూటరు తెర మీద ఒక అంకె. అంతవరకు బిల్లు పెట్టుకోవచ్చు, డబ్బు పైనుంచి నేరుగా సరుకు ఇచ్చినవాడికి పోతుంది. దొంగతనాలు తగ్గుతాయన్నారు, కొంత తగ్గాయి కూడా. కానీ కొత్త డయాలసిస్ కేంద్రాల పద్దుకు జిల్లా మొత్తానికీ కలిపి ఒకటే అంకె ఇచ్చారు. ఎవరి బిల్లు ముందు పోతే వాళ్లకు. ఇంట్లో పదిమందికి ఒకే కుండ పెట్టి, గరిటె మాత్రం తలా ఒకటి ఇచ్చినట్టు.

ఆ పద్దు కిందే సుబ్బరత్నమ్మ ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు వచ్చాయి. వచ్చి ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని కూర్చున్నాయి. రక్తం కడగాలంటే శుద్ధమైన నీళ్లు కావాలి, ఇక్కడి బోరు నీళ్లతో గిన్నెలు కడిగితేనే తెల్లగా పొర కడుతుంది. నీటిని శుద్ధిచేసే ప్లాంటు ఒకటి వస్తేగానీ యంత్రాలు తిరగవు. ఏప్రిల్ కల్లా ఆ ప్లాంటు దిగకపోతే యంత్రాలను వేరే జిల్లాకు ఎత్తుకుపోతామని పైనుంచి మాట వచ్చేసింది.

ఎత్తుకుపోతే ఏమవుతుందో సుబ్బరత్నమ్మకు దేవమ్మను చూస్తే తెలిసేది. దేవమ్మది ఆసుపత్రి వెనకాలి పల్లె. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు బస్సెక్కి నంద్యాలకు పోయి రక్తం కడిగించుకుని, మళ్లీ బస్సెక్కి వచ్చేది. తిరిగొచ్చి ఆసుపత్రి ముందు దిగేసరికి కాళ్లు వణికేవి. ఇల్లు కనబడుతున్నా నడవలేక, వరండా బల్ల మీద కాసేపు పడుకుని పోయేది. అదే జబ్బుతో ఆమెకు తోడుగా వచ్చే కమలాక్షమ్మ మాఘమాసంలో ప్రయాణం మానేసింది. మానేసింది అంటే, ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

"ఎప్పుడు తల్లీ, మన మిసన్లు తిరిగేది?" అని దేవమ్మ కిటికీలోంచి అడిగేది.

"నీళ్ల ప్లాంటు రావల్ల దేవమ్మా. మార్చి లోపల రాకపోతే దుడ్లు మురిగిపోతాయి."

"దుడ్లేమన్నా టమోటాలా, మురిగిపోయేదానికి?"

ఈ ప్రశ్నకు ఖజానాశాఖ దగ్గర కూడా జవాబు లేదు. సుబ్బరత్నమ్మ నవ్వి ఊరుకునేది.

ప్లాంటు పెట్టే ఆర్డరు ఫణీంద్రకు వచ్చింది. నంద్యాలలో నీళ్ల ప్లాంట్లు అమ్ముతాడు, ముప్పై దాటి ఎంతో కాలేదు. హోటళ్లకు, పెళ్లిమండపాలకు అమ్ముకునేవాడు. సర్కారుతో వ్యాపారం ఇదే మొదలు. వాళ్లమ్మది ఆళ్లగడ్డే కావడంతో వచ్చిన మొదటిరోజే సుబ్బరత్నమ్మను అక్కా అని వరస కలిపేశాడు. ఆమెకూ ఆ పిలుపు నచ్చింది. ఉగాదికి వారం ముందు అతను బిల్లు పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ప్లాంటు హైదరాబాదులో తయారై కూర్చోనుండాది. లారీ దొరకడమే తడవు. నువ్వు ఈ ముద్ర కింద సంతకం పెడితే బిల్లు ఈ వారంలోనే పోతాది."

"సరుకు యాడ?"

"వస్తాందిలే అక్కా."

"వచ్చినాక పెడతా."

"అందరూ పెడతాండారక్కా! మొన్న ఇంకో ఆసుపత్రికి ఇన్వర్టర్లిచ్చినాడు నా స్నేహితుడు. ఇచ్చిందీ లేదు, చచ్చిందీ లేదు, బిల్లు మాత్రం పాసైపోయ."

"నేను పెట్టనప్పా. బేగా తెప్పించుకో."

ఫణీంద్ర డాక్టరు దెబోరా దగ్గరికి పోయాడు. ఆసుపత్రికి ఆమే పెద్ద. ఆమె వచ్చి, "పెట్టేయండమ్మా, తెలిసిన అబ్బాయే కదా" అంది మొహమాటంగా. తెలిసినవాడా తెలియనివాడా అన్నది ముద్రలో లేదని సుబ్బరత్నమ్మ జవాబిచ్చింది. డాక్టరమ్మ రౌండ్స్‌కు పోయింది. ఫణీంద్ర గడప దగ్గర నిలబడి, "ప్రొద్దుటూరులో వడ్డీకి తెచ్చి పెట్టినానక్కా దీనికి" అన్నాడు. కోపంగా అనలేదు. ఊరికే తెలియజేసినట్టు అన్నాడు.

ఆ ఏడు పండగలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. ఆ సోమవారమే మార్చి ముప్పై ఒకటి. సెలవైనా ఖజానా తెరుస్తారు, మధ్యాహ్నం రెండు గంటలలోపు పెట్టిన బిల్లులే తీసుకుంటారు. లారీ శనివారం బయల్దేరిందని చెప్పారు. ఆదివారం పొద్దునకు కర్నూలు దగ్గర ఎక్కడో టైరు పేలి ఆగిందని చెప్పారు. ఆదివారం సాయంత్రం డ్రైవరు ఫోను ఎత్తలేదు. సుబ్బరత్నమ్మ ఉగాది పచ్చడి కలిపి ఇంట్లో అందరికీ పెట్టింది, తాను తినడం మర్చిపోయింది. ఆదినారాయణ గిన్నెలో మిగిలింది చూపించి, "ఇదేందీ?" అని అడిగితే, లారీ అంది.

సోమవారం పదకొండు గంటలకు లారీ హైవే దిగి ఆసుపత్రి గేటులోకి తిరిగింది. సుబ్బరత్నమ్మ వరండా మెట్ల మీద రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది, దేవుడికో డ్రైవరుకో ఆమెకే తెలియదు. కానీ దించేవాళ్లు లేరు. హమాలీలు ఉగాది మత్తు దిగక రాలేదు. క్రేను నడిపే అతను నమాజుకు పోయాడు, పండగ పూట ఆయన్ను పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. ఫణీంద్ర బండి మీద ఆళ్లగడ్డకు పరిగెత్తి, శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్డు నుంచి ఇద్దరిని, వాళ్లు విగ్రహాలను లేపే గొలుసు కప్పీని వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు ఇనుప కాళ్లు పాతి, కప్పీ తగిలించి, ప్లాంటుకు గొలుసులు చుట్టేసరికి పన్నెండున్నర దాటింది. శిల్పుల తల వెంట్రుకల్లో రాతి పొడి ఇంకా అలాగే ఉంది. నిలువెత్తు దేవుళ్లను లేపే చేతులు కాబట్టి ఇనుప చట్రాన్ని చూసి వాళ్లు జంకలేదు.

బిల్లు సిద్ధంగా ఉంది. ప్లాంటు నేలకు దిగడం, తట్టి చూడడం, సంతకం, స్కాను, పంపడం. గంట చాలు. ముందుగా ఒక మాట చెప్పి ఉంచుదామని సుబ్బరత్నమ్మ వరండాలో నిలబడి ఖజానాలో పనిచేసే సురేష్‌కు ఫోను చేసింది.

"సురేషూ, డయాలసిస్ పద్దు కింద మా బిల్లొకటి వస్తాంది. కొంచెం చూసుకో నాయనా."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అక్కా, ఆ పద్దులో ఏం లేదు."

"ఏం లేదంటే?"

"పైసా గూడా లేదక్కా. శనివారానికే అయిపాయ. అందరూ ముందుగానే పెట్టేసుకున్యారు. మీరొక్కరే మిగిలినారు."

"వచ్చే ఏడు బడ్జెట్టులో..."

"వచ్చే ఏడు ఆ పద్దు కింద మందులకే ఇస్తాండారంట. ప్లాంట్లకు లేదు. పోయినేటి బాకీ అని రాసి పెట్టుకో, ఎప్పుడొస్తాదో దేవునికే ఎరుక."

ఫోను చెవి దగ్గరే ఉంది, సురేష్ పెట్టేశాడు. శనివారానికే అయిపోయింది. అంటే అంతకుముందు ఉంది. తాను పెట్టనన్న రోజున ఆ అంకె తెర మీద నిండుగా ఉంది.

"అక్కా!" బయటినుంచి ఫణీంద్ర కేక. ప్లాంటు లారీ మీద గొలుసులకు బిగిసి ఉంది, శిల్పులిద్దరూ కప్పీ గొలుసు పట్టుకుని నిలబడ్డారు. ఫణీంద్ర ముఖమంతా చెమట, నవ్వు. పని అయిపోవచ్చిందన్న నవ్వు. "ఏమక్కా, నువ్వు ఊ అంటే దించేస్తాం!"

జరిగింది చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అతను లారీని అక్కడికక్కడే మళ్లిస్తాడు. మళ్లించడమే న్యాయం. ప్లాంటును ఏ పెళ్లిమండపానికో, ఏ నీళ్ల వ్యాపారికో కొంచెం నష్టానికి అమ్ముకుని వడ్డీ కట్టుకుంటాడు. ఏప్రిల్లో ఎవరో వచ్చి కవర్లు కప్పిన యంత్రాలను ఎక్కించుకుపోతారు. దేవమ్మ మళ్లీ నంద్యాల బస్సెక్కుతుంది, ఎక్కగలిగినన్నాళ్లు. చెప్పకపోతే ప్లాంటు ఆసుపత్రి నేల మీద దిగుతుంది. స్టాకులో ఎక్కితే సర్కారు ఆస్తి అయిపోతుంది. ఇక ఎవడూ దాన్ని కదిలించలేడు, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా.

ఇంత ఆలోచన ఆమె నింపాదిగా చేయలేదు. అంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. వరండా బల్ల మీద ఆవేళ ఎవరూ లేరు. అయినా ఆమె కళ్లు అటే పోయాయి.

"ఊ" అంది సుబ్బరత్నమ్మ.

గొలుసు కరకరలాడింది. ప్లాంటు గాల్లోకి లేచి, లారీ ముందుకు తప్పుకోగానే, మెల్లగా కిందికి వచ్చి నేలకు ఆనింది. శిల్పులు నుదురు తుడుచుకున్నారు. సుబ్బరత్నమ్మ మెట్లు దిగి పోయి ట్యాంకు తట్టింది, పంపు తట్టింది, పైపులు ఒక్కొక్కటీ తట్టింది. ఎప్పుడూ చేసే పనే, ఆ రోజు మాత్రం చేయి తనది కానట్టు అనిపించింది. లోపలికి వచ్చి రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కింద సంతకం పెట్టింది. సరుకు ముట్టింది. ఆ మాట అక్షరాలా నిజం.

శిల్పులకు కూలి ఇచ్చి పంపి ఫణీంద్ర లోపలికి వచ్చాడు. "పంపించినావా అక్కా బిల్లు? ఇంకా టైమున్నట్టుండాదే."

"పద్దు ఖాళీ అయిపోయిందంటప్పా. బిల్లు పంపితే తిరిగొస్తాది."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఎప్పుడు చెప్పినారు?"

"నువ్వు దించేదానికి ముందే."

ఫణీంద్ర గభాలున బయటికి పోయాడు. "ఓ అన్నా, ఆగు! ఎక్కియ్యల్ల!" అని లారీ డ్రైవరును కేకేశాడు. సుబ్బరత్నమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"స్టాకులో ఎక్కించేసినానప్పా. ఇప్పుడది సర్కారుది. తాకితే కేసవుతాది."

అతను వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. అరుస్తాడనుకుంది. అరిచుంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

"వారం ముందు ఆ సంతకం పెట్టింటే నా దుడ్లు నాకొచ్చేటివి."

"అవునప్పా."

"గంట ముందు ఈ మాట చెప్పింటే నా ప్లాంటు నాకుండేది."

"అవును. మళ్లించేస్తావనే చెప్పలేదు."

"కాగితంతో అబద్ధం ఆడలేదు నువ్వు. నాతో ఆడినావు." అతను బండి తాళం జేబులోంచి తీశాడు. "రెండు తూర్లూ నన్నే ముంచితివి గదా అక్కా."

తండ్రి ముఖం గుర్తుకొస్తుందేమోనని సుబ్బరత్నమ్మ భయపడింది, వచ్చింది కూడా. లారీ ఖాళీగా గేటు దాటి పోయింది. దాని వెనకే ఫణీంద్ర బండి పోయింది.

డయాలసిస్ కేంద్రం మే నెలలో మొదలైంది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఉపన్యాసాల్లో సంస్కరణ అన్న మాట చాలాసార్లు వినిపించింది, ఫణీంద్ర పేరు ఒక్కసారీ వినిపించలేదు. సుబ్బరత్నమ్మ పోయినేటి బాకీ కింద ఉత్తరం రాసింది. జవాబు రాకపోతే మళ్లీ రాసింది. నంద్యాలకు, ఆపైకి స్వయంగా పోయింది. "చూస్తామమ్మా" అన్నారు. వాళ్లది అబద్ధమేమీ కాదు, చూస్తూనే ఉన్నారు.

ఫణీంద్ర ప్రతి సోమవారం వచ్చేవాడు. వచ్చి ఆమె బల్ల ఎదురుగా కూర్చునేవాడు. అక్కా అనడం మానేశాడు, మేడమ్ అనేవాడు. నంద్యాలలో అంగడి చిన్నది చేశాడని, ప్రొద్దుటూరు వాళ్లు ఇంటికి వచ్చి కూర్చుంటున్నారని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆఫీసులోకి రానివ్వొద్దని ఒకరిద్దరు డాక్టరమ్మకు చెప్పారు. సుబ్బరత్నమ్మ ఒప్పుకోలేదు. అతని కోసం కుర్చీ వేయించి, ఫ్యాను అటు తిప్పించి, ఆ వారం ఎవరికి ఏం రాసిందో ఉన్నదున్నట్టు చెప్పేది. ఇంతకంటే ఆమె చేతిలో ఏమీ లేదు. ఇది సరిపోదని ఇద్దరికీ తెలుసు.

ఒక సోమవారం మధ్యాహ్నం, ఎండ ఇంకా తగ్గని వేళ, దేవమ్మ తన వంతు ముగించుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు ఆమెకు బల్ల మీద పడుకునే పని లేదు. నెమ్మదిగా నడిచి వెనకాలి పల్లెకు పోతుంది. ముఖంలో కాస్త కళ కూడా వచ్చింది. పోతూ పోతూ పలకరిద్దామని ఆఫీసు గుమ్మంలో ఆగింది. చెమటతో తడిసిన చొక్కాతో కూర్చున్న ఫణీంద్రను చూసింది.

"ఏం నాయనా, వచ్చినప్పుడల్లా ఈడ్నే కూర్చోనుంటావు. నీక్కూడా కిడ్నీలేనా?"

"కాదమ్మా. నాకు దుడ్లు రావల్ల."

"ఎవురియ్యల్ల?"

ఫణీంద్ర సుబ్బరత్నమ్మ వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరును చూస్తూ కూర్చున్నాడు. సర్కారు అనడం చాలా సులువు. ఆ మాట సుబ్బరత్నమ్మ నోటిదాకా వచ్చి ఆగింది.

"నేనే దేవమ్మా," అంది.

దేవమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సూది తీసిన చోట దూదిని వేలితో అదిమి పట్టుకునే, గొంతు తగ్గించి, సొంత కూతురికి చెప్పినట్టు చెప్పింది.

"ఇచ్చేయి తల్లీ. నీ అంత మంచిది ఇట్ల చేస్తే ఎట్ల? పాపం, ఎండలో వచ్చినాడు."